పనలకి పెట్టిన ఊరగాయ

నేను మెట్ట పిల్లని. పెద్దాపురం అవతల, వాన కురిస్తేనే పంట పండే ఊరు మాది. డెబ్బైల నడిమిలో నన్ను మండపేట దగ్గరి ఊళ్ళో, కాలవ కింద ఆరెకరాల చేను ఉన్న ఇంటికి కోడలిగా పంపినప్పుడు మా వాళ్ళంతా నా అదృష్టానికి మురిసిపోయారు. "ఇక జన్మలో అన్నానికి లోటుండదే" అంది మా అమ్మ. లోటు లేని మాట నిజమే. ఆ లోటు లేకపోవడమే నాకు మొదటి వారంలో ఒళ్ళు మండించింది. కళ్ళంలో ధాన్యం బస్తాలకెత్తాక చుట్టూ మట్టిలో దోసెళ్ళకొద్దీ గింజలు మిగిలిపోయేవి. ఒక్కరూ నడుం వంచేవాళ్ళు కాదు. మా పుట్టింట్లో మెతుకు కింద పడితే మా నాన్న భోజనం ఆపి, అది ఎవరి విస్తరి పక్కనుందో చూసేవాడు.

నేను ఊరుకోలేదు. కళ్ళమంతా ఊడ్చి, మట్టి చెరిగి, కుంచెడు గింజలు తేల్చాను. మా ఆయన నవ్వి, "మెట్ట పిల్లవనిపించుకున్నావ్" అన్నాడు. ఆ పేరు ఆ ఇంట్లో నాకు ఖాయమైపోయింది. ఆ ఊపులో మర్నాడు చేట పట్టుకుని కోసిన చేలోకి దిగి, రాలిపోయిన వెన్నులు కూడా ఏరడం మొదలుపెట్టాను. అత్తగారు గట్టు మీంచే కేకేసి పిలిచింది.

"అది పరిగమ్మా. కోత కోసినవాళ్ళది. వాళ్ళ ఆడవాళ్ళు సాయంత్రం వచ్చి ఏరుకుంటారు. మనం ఏరితే వాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. చేట అక్కడ పారేసి ఇంటికి రా."

నాకు తలకాయ తీసేసినట్టయింది. కానీ ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ మరిచిపోలేదు. పిట్టలు తినేదీ, లేనివాళ్ళు ఏరుకునేదీ వృథా కాదు. ఎవరి కడుపులోకీ పోకుండా పోయేదే వృథా. ఈమధ్య పెళ్ళిళ్ళలో విస్తళ్ళ మీద మిగిలిన అన్నం గురించి అందరూ ఉపన్యాసాలు ఇస్తున్నారు. ఇవ్వనీండి, మంచిదే. నేను చూసిన వృథా మాత్రం విస్తరి దాకా, అసలు ఇంటి దాకా కూడా రానిది.

అది కాపురానికి వచ్చిన రెండో ఏడే చూశాను. మా వైపు వరి కోశాక పనలు పనలుగా చేలోనే పరిచి ఆరబెడతారు. మూడు నాలుగు రోజులు ఎండాక మోపులు కట్టి కుప్ప వేస్తారు. ఏడాదంతా కాపాడుకున్న పంటకి ఏ ఆధారమూ లేని రోజులు ఆ నాలుగే. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే ముసురు పట్టింది. అప్పుడు మా వాళ్ళు చేసింది ఊరంతా చేసే పనే. కంగారుపడి తడి పనల్ని తడిగానే తెచ్చి కుప్ప వేసేశారు. పైన తాటాకులు కప్పి, పంట దక్కిందని కాళ్ళు కడుక్కుని భోజనాలకి కూర్చున్నారు.

పదిరోజుల తర్వాత కుప్ప విప్పితే లోపల్నుంచి ఆవిరి వచ్చింది. చెయ్యి పెడితే చురుక్కుమంది. వెన్నులకి తెల్లటి మొలకలు వచ్చి ఒకదానికొకటి అల్లుకుపోయాయి. మొలవని గింజలు ఎర్రగా మారి ముక్కిపోయాయి. మా మామగారు ఒక పన లాగి చూసి, దాన్ని మళ్ళీ జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టేసి ఇంటికి వచ్చి పడుకున్నారు. ఏడాదంతా ఆ ముక్క వాసన బియ్యమే తిన్నాం. కూలి గింజలు కూడా అవే కొలిచాం. ఆ కుండెడు గింజలు కొంగులో పోయించుకునేటప్పుడు ఆ ఆడవాళ్ళు ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మా ఊరికి నెలకోసారి ఉప్పు బండి వచ్చేది. కాకినాడ అవతల ఉప్పు మళ్ళ నుంచి ఒకతను ఎద్దుబండి మీద రాళ్ళ ఉప్పు తెచ్చి, ఉప్పుకి బదులు ధాన్యం కొలిపించుకునేవాడు. ఆ నెల మా ధాన్యం చేతిలోకి తీసుకుని వాసన చూసి, మొహమాటంగా తిరిగి చేటలో పోసేశాడు.

"ఏం అనుకోకండమ్మా, ఇది నేను పట్టుకెళ్తే మా ఇంటిది బండి దిగనివ్వదండి" అన్నాడు. వెళ్ళేముందు ఇంకో మాట కూడా అన్నాడు. "మా వైపు విచిత్రమండి. సముద్రం పోటు నీళ్ళు తగిలిన చేలల్లో ఎంత వానకి తడిసినా పనలు మొలకెత్తవండి. ఉప్పు తగిలిన గింజ నిద్రపోద్దండి."

ఆయన ఆ మాటని ఉప్పుతోపాటు కొలిచి పోసి వెళ్ళిపోయాడు. ఎవరి చెవికీ ఎక్కలేదు. నేను మటుకు ఏటా ఆవకాయా, మాగాయా పెట్టేదాన్ని. ఉప్పు తగిలితే ఏది ఆగిపోతుందో నాకు చేతులారా తెలుసు.

మూడో ఏడు సార్వా, అదే వానాకాలం పంట, కోతలకి ముందు మా మామగారు భోజనాల దగ్గర ఒక మాట చెప్పేశారు. "ఈ పంట కూడా పోతే ఇక నావల్ల కాదు. చేలు కౌలుకి ఇచ్చేస్తాను. అబ్బాయి మండపేటలో రైస్ మిల్లులో గుమస్తాగా చేరతాడు." కౌలుకి ఎవరో కూడా అప్పటికే అనుకున్నారు. మా చేనుకి దిగువ చేను ఆయన. మా మామగారిని "బావగారూ" అని పిలిచేవాడు గానీ చుట్టరికమేమీ లేదు, ఉన్నదల్లా గట్టు తగాదా. మా ఆయన అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. ఏ మడికి ఎన్ని గంటల నీళ్ళు కావాలో, ఏ గట్టుకి ఎక్కడ ఎండ్రకాయ బొక్క ఉందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి ఆయన. ఆయన్ని తీసుకెళ్ళి మిల్లులో కూర్చోబెట్టడమంటే గేదెని మేడ మీద కట్టేసినట్టే. ఇక నా సంగతి. నీళ్ళు అడక్కుండానే వచ్చే నేలని, వాన కోసం ఆకాశం వంక చూస్తూ పెరిగిన నేను, చేతులారా ఇంకొకరికి వదులుకోవడమా? నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

కోతలయ్యాయి. పనలు పరిచారు. రెండోరోజుకి తూర్పున మబ్బు పట్టింది. సన్నటి జల్లు మొదలయ్యింది. మా ఆయనా, కూలీలూ మడులకి గండ్లు కొట్టి నీళ్ళు దిగువకి వదిలారు, అందినన్ని పనల్ని గట్ల మీదికి ఎక్కించారు. అంతకంటే చేసేది ఏముంది? ఇంట్లో అందరూ చూరు వంక చూస్తూ కూర్చున్నారు. నేను మటుకు రెండు ఇత్తడి పళ్ళేలు తీశాను. తడిసిన వెన్నులు దూసి రెండిట్లోనూ గింజలు పోశాను. ఒకదాంట్లో మామూలు నీళ్ళు చిలకరించాను. రెండోదాంట్లో, మజ్జిగ మిరపకాయలు ఊరబెట్టేటంత ఉప్పగా కలిపిన నీళ్ళు చిలకరించాను. రెండూ తడిగుడ్డలు కప్పి వంటింటి అరుగు మీద పెట్టాను. మూడుపూటలా గుడ్డలు తడుపుతూ వచ్చాను.

మూడోరోజు పొద్దున్న గుడ్డలు తీశాను. మామూలు నీళ్ళ పళ్ళెంలో గింజలన్నిటికీ తెల్లటి ముక్కులు వచ్చాయి. ఉప్పు నీళ్ళ పళ్ళెంలో ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. నేను చేతులు కడుక్కోకుండానే రెండు పళ్ళేలూ తీసుకెళ్ళి మామగారి ముందు పెట్టాను. అప్పటికి ఆయనతో నేను ఎదురుపడి నాలుగు మాటలు మాట్లాడి ఎరగను.

"మావయ్యగారండి, పనలకి ఉప్పు నీళ్ళు చల్లుదామండి."

ఆయన పళ్ళేల వంక చూశారు, నా వంక చూశారు. "చేలో ఉప్పా? ఏమ్మా, మతి ఉండే మాట్లాడుతున్నావా? శత్రువు చేలో చల్లుతారు ఉప్పు. నేల చవుడెక్కిపోతే మన తర్వాతవాళ్ళు కూడా మనల్ని తిట్టుకుంటారు. పళ్ళెంలో నిలిచింది చేలో నిలవదు."

అది చవుడు భయం. ఆ భయం తప్పని నేను ఇప్పటికీ అనను. నేలని ప్రేమించేవాడికే ఆ భయం ఉంటుంది. అయినా నేను వెనక్కి తగ్గలేదు. "చేలో వద్దండి. కాలవ గట్టు మీదికి తెచ్చి చల్లుదామండి. ఒక్క అరెకరం పనలు. ఎలాగూ పోయేవే కదండీ" అన్నాను. 'ఎలాగూ పోయేవే' అన్న మాట ఆయనకి తగిలింది. ఉప్పు పళ్ళెంలోంచి ఒక గింజ తీసి గోటితో నొక్కి చూశారు. తర్వాత మా ఆయనతో, "బండి కట్టరా. చేలో ఒక్క ఉప్పురాయి పడ్డా ఊరుకోను" అన్నారు.

ఆ మధ్యాహ్నం జల్లు కాస్త తెరిపిచ్చింది. అరెకరం పనలు కాలవ గట్టు మీద పరిచాం. ఇంట్లో ఊరగాయలకి దాచిన ఉప్పంతా, పెద్ద జాడీ అడుగు గీకి మరీ తెచ్చాను. బిందెకి కిలో చొప్పున గంగాళంలో కలిపాం. చల్లడానికి నేను వెంట తెచ్చిన చీపురు ముంచబోతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకుంది.

"ఇంటి చీపురుతో ధాన్యాన్ని కొడతావా? లక్ష్మీదేవి కదమ్మా అది. తప్పు కాదూ?"

ఇక ఈవిడ కూడా అడ్డం పడిందిరా దేవుడా అనుకున్నాను. ఆవిడ చీపురు లాక్కుని పక్కన పెట్టి, గట్టున ఉన్న వేపచెట్టు నుంచి మండలు విరిచి, ఒకటి నాకిచ్చి ఒకటి తాను తీసుకుంది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, అమ్మవారి దగ్గర పసుపునీళ్ళు చల్లేటంత శ్రద్ధగా పన పనకీ చల్లుకుంటూ పోయింది. ఆవిడకి నా మాట మీద నమ్మకం కుదిరిందో, కొడుకు అన్నం వదిలేసి లేచిన సంగతి గుర్తొచ్చిందో నాకు తెలియదు. నేను అడగలేదు.

కాలవ గట్టంటే ఊరంతా నడిచే దారి. అటు వెళ్ళేవాళ్ళూ, ఇటు వచ్చేవాళ్ళూ ఆగి చూసి నవ్వారు. దిగువ చేను ఆయన సైకిల్ దిగి మరీ నవ్వాడు.

"ఏంటి బావగారూ, పనలకి ఊరగాయ పెడుతున్నారా? మాకూ ఓ జాడీ పంపండి." నవ్వడం అయ్యాక మొహం మారింది. "ఆ ఉప్పు నీళ్ళు మా చేలోకి దిగాయంటే మాత్రం నేను ఊరుకోనండి. ముందే చెబుతున్నాను."

మా మామగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ మాటకి నేను ఆ మనిషిని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో ఇక్కడ రాస్తే బాగుండదు.

మర్నాడు తెల్లారగానే నేనూ, మా ఆయనా, మామగారూ చేలోకి వెళ్ళాం. సన్నజల్లు పడుతూనే ఉంది. అన్నిటికంటే పల్లంలో ఉన్న మడిలో పనలకి మొలక ముక్కులు కనిపించాయి. ఆ పై మడుల్లో గింజలు ఉబ్బి, ఇవాళో రేపో పగిలేటట్టు ఉన్నాయి. అక్కణ్ణుంచి కాలవ గట్టు మీదికి వచ్చాం. మామగారు ఒక పన తిరగేశారు. ఇంకోటి తిరగేశారు. ఉప్పు చల్లిన అరెకరంలో ఆయన చూడని పన లేదు. ఒక్క ముక్కు లేదు, ఉబ్బిన గింజా లేదు. ఆఖరి పన కింద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఉప్పు ఎక్కడ దొరుకుద్దిరా?" అన్నారు. అంతే. నేల సంగతి గానీ, చవుడు సంగతి గానీ మళ్ళీ ఎత్తలేదు. వానాకాలం కాలవ నీళ్ళు వచ్చి కడిగేస్తే ఈ ఉప్పు ఏపాటి అని ఆయనే తర్వాత ఊరందరికీ చెప్పుకొచ్చారు, మొదట తనకే తట్టినట్టు.

మా ఊళ్ళో కొట్టు ముందు ఉప్పు బస్తాలు ఎప్పుడూ వీధి అరుగు మీదే ఉండేవి. తలుపులు వేసుకున్నా వాటిని లోపల పెట్టేవాళ్ళు కాదు, ఉప్పు దొంగిలించేవాడు ఎక్కడా ఉండడని. ఆ రోజు మా బండి వెళ్ళి ఆ బస్తాలన్నీ ఎత్తేసరికి కొట్టు ఆయన బయటికొచ్చి, "ఏంటండీ ఇది, వియ్యపు విందా?" అన్నాడు. పొద్దెక్కేసరికి మేమందరం చేలో ఉన్నాం. ఇంటిల్లిపాదీ, కోతకోసిన కూలీలూ కలిసి దాదాపు పాతికమందిమి. కూలి గింజలు కూడా ఇదే ధాన్యంలోంచి కొలవాలని వాళ్ళకీ తెలుసు. ముక్కిన బియ్యం రెండో ఏడు కూడా తినడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

అక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. మా వైపు ఉప్పు చేతికి చెయ్యి ఇవ్వరు. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు తీసుకోవాలి. చేతిలో పెడితే ఆ ఇద్దరికీ తగువొస్తుందని పట్టింపు. ఇంట్లో గిన్నెడు ఉప్పుకైతే సరే. చేలో ఎక్కడ చూసినా మడమ లోతు నీళ్ళు. బస్తా దగ్గర ఉన్న మనిషి తట్ట నింపి కింద పెట్టడానికి పొడి చోటు వెతుక్కుంటుంది. అది దొరికేలోపు అడుగున ఉప్పు కరిగి కారిపోతుంది. గంగాళం దగ్గర నేను ఖాళీ చేతులతో నిలబడి పళ్ళు నూరుకుంటున్నాను. "అత్తయ్యగారండి, ఇవాళ్టికి చేతికిచ్చేయమనండి" అంటే ఆవిడ ససేమిరా అంది. పాతికమంది మధ్య ఒకేసారి తగువులొస్తే ఎవరు తీరుస్తారు అని ఆవిడ భయం.

ఆ సమయంలో దిగువ చేను ఆయన వచ్చాడు. ఈసారి సైకిల్ లేదు, నవ్వూ లేదు. పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని, ఖాళీ బుట్ట పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మా కంటే ఆయన చేను పల్లం. అంటే మాకంటే ముందు ఆయనవే మొలుస్తాయి. కొట్లో ఒక్క ఉప్పురాయి మిగల్లేదు, అంతా మా బండిలోనే ఉంది. మా ఆయన నా దగ్గరికి వచ్చి, "ఇస్తే మనకి చాలదేమో" అన్నాడు మెల్లగా. నాకూ ఇవ్వాలని లేదు. నిన్నటి మాట ఇంకా చెవుల్లో ఉంది. కానీ నా బుర్ర అప్పటికే లెక్క వేసేసింది. ఆయన తన చేలో తానే ఉప్పు చల్లుకుంటే, మా ఉప్పు నీళ్ళు దిగాయని ఇక జన్మలో నోరెత్తలేడు. "ఒక బస్తా ఇచ్చేయండి" అన్నాను. ఊళ్ళోవాళ్ళు దాన్ని నా మంచితనం అనుకున్నారు. అనుకోనిచ్చాను.

మామగారు ఆ బస్తాలోంచి మొదటి బుట్ట నిండా ఉప్పు నింపి ఎత్తారు. కింద పెడదామంటే చోటు లేదు. గట్టు కూడా బురదే. ఆయన ఇటు పట్టుకుని, ఈయన అటు చేతులు చాచి, మధ్యలో బుట్టతో ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. చేలో ఉన్నవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. చివరికి దిగువ చేను ఆయనే అన్నాడు.

"చేతికే ఇచ్చేయండి బావగారూ. మనిద్దరి మధ్యా కొత్తగా వచ్చే తగువేముంది?"

మా మామగారు నవ్వారు. ఏడాది తర్వాత ఆయన నవ్వు విన్నది ఆ రోజే. బుట్ట చేతులు మారింది. అత్తగారు చెంపలు వేసుకుంది గానీ అడ్డు చెప్పలేదు. ఇక అక్కణ్ణుంచి ఉప్పు చేతులు మారుతూ పరిగెత్తింది. బస్తా దగ్గర్నుంచి గంగాళానికి, గంగాళం నుంచి బిందెలకి, బిందెల నుంచి వేపమండలకి. చేతుల మీద గీతలున్న ప్రతివాళ్ళకీ ఉప్పు మండింది, నాకైతే మోచేతుల దాకా మండింది. కొట్లో ఉప్పయిపోయిందని తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళు తమ ఊరగాయ జాడీల్లోంచి కూడా ఉప్పు తీసుకుని తమ తమ చేలకి వచ్చారు. దీపాలు పెట్టే వేళ అయితే ఉప్పు ఇంట్లోంచి బయటికి పోనివ్వరు గనక అందరూ తొందరపడ్డారు. ఆ తొందరే మాకు కలిసొచ్చింది. పొద్దుగుంకకముందే ఆరెకరాల్లోనూ ఉప్పు తగలని పన మిగల్లేదు.

ముసురు ఇంకా నాలుగు రోజులు ఉంది. ఆ నాలుగు రోజులూ నేను అన్నం ఏం తిన్నానో, ఎవరితో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. ఉప్పు కొట్టుకుపోతుందేమోనని రెండోసారి పలచగా చల్లాం. ఐదోరోజు ఎండ వచ్చింది. పనలు ఆరాయి. మొదటే మొలిచిపోయిన పల్లం మడి తప్ప తక్కినదంతా దక్కింది. అంతా అంటే అంతా. ఆ పల్లం మడి సంగతి ఎవరైనా గుర్తు చేస్తే ఇప్పటికీ నాకు బాధే. ఒక్కరోజు ముందు ఒప్పుకుని ఉంటే అదీ దక్కేది.

నూర్చిన ధాన్యం బంగారం రంగులోనే ఉంది. కూలి గింజలు కొలిచేటప్పుడు ఆ ఆడవాళ్ళు కొంగుల్లో పోయించుకుని, గింజ నోట్లో వేసుకుని కొరికి, "ఉప్పుప్పగా ఉందమ్మా, కూరలో ఇక ఉప్పెయ్యక్కర్లేదు" అని ఆట పట్టించారు. పొట్టుతోపాటే ఆ ఉప్పూ పోయింది, అన్నంలో దాని జాడే లేదు. గడ్డిలో మాత్రం ఉండిపోయింది. ఆ ఏడు మా గేదెలు గడ్డివాముని నాకి నాకి చుట్టూ గుంట చేశాయి. మండపేట మిల్లుకి ధాన్యం తోలినప్పుడు అక్కడి గుమస్తా నాలుగు గింజలు అరచేతిలో నలిపి, తెల్లటి బియ్యం చూసి, "మీ ఊళ్ళో వాన పడలేదాండీ?" అని అడిగాడట. "ఆయ్, పడిందండి. మా ఇంట్లో మెట్టమ్మాయి ఉందండి" అన్నాడట మా ఆయన. ఆ మాట నాకు చెబుతూ ఆయన మురిసిన మురుపు చూసి, నేను గిన్నెలు తోముతున్నట్టు నటించాల్సి వచ్చింది. కళ్ళు తడిస్తే ఆటపట్టిస్తాడని.

ఇక గెలిచామని అందరం అనుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అత్తగారు బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగింది. "అవునుగానీ, దాళ్వాకి విత్తనాలో?" అంది.

ఇంట్లో అందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. ఆరెకరాల్లో ఉప్పు తగలని పన ఒక్కటి కూడా దాచలేదు. విత్తనాలకి కొన్ని పనలు విడిగా ఉంచాలని పాతికమందిలో ఒక్కరికీ తట్టలేదు. మొలవకూడదని పంతం పట్టి మొలవనివ్వని గింజలు ఇప్పుడు మొలవాలి. అవి మొలవకపోతే నారు లేదు, నారు లేకపోతే రెండో పంట దాళ్వా లేదు. మర్నాటి నుంచి దిగువ చేను ఆయన మా అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళడం మొదలుపెట్టాడు. కౌలు మాట ఇంకా తెగలేదని ఆయన ఉద్దేశం.

నేను, ఊరబెట్టిన దేన్నయినా కడిగితే ఉప్పు పోతుంది కదా అని ధైర్యం చెప్పుకున్నాను. విత్తనాల ధాన్యం బుట్టల్లో పోసి కాలవలో నిలబడి, ఒక్కో బుట్టనీ నీళ్ళలో ముంచి తేల్చి, ముంచి తేల్చి కడిగాను. కడిగినప్పుడల్లా ఒక గింజ నాలిక మీద పెట్టుకుని చూశాను. ఉప్పు రుచి పోయేదాకా కడిగాను. తడి గోనెల్లో పోసి మూతి కట్టి, మీద బరువులు పెట్టాం. ఒక రోజు గడిచింది. రెండు రోజులు. మూడోరోజు పొద్దున్న మామగారే గోనె విప్పారు. లోపల చెయ్యి పెట్టి తీశారు. ఆయన అరచేతిలో ప్రతి గింజకీ తెల్లటి ముక్కు ఉంది. ఏడాది కింద ఏ మొలకని చూసి మంచమెక్కారో, ఆ మొలకనే కళ్ళకద్దుకున్నారు.

ఆ రోజే నారుమడిలో విత్తనం చల్లారు. మా ఇళ్ళల్లో విత్తనం మగవాళ్ళే చల్లేవాళ్ళు. కోడళ్ళు గట్టు దాకా చద్ది తీసుకెళ్తే ఎక్కువ. నేను చద్ది గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి దిగువ చేను ఆయన గట్టు మీద ఉన్నాడు.

"బావగారూ, మరి ఆ కౌలు సంగతి ఏమంటారు? నేను కూలీలని కుదుర్చుకోవాలి కదండీ" అంటున్నాడు.

మామగారు మడిలోంచి గట్టు దగ్గరికి వచ్చారు. నన్ను చూసి చేత్తో రమ్మన్నారు. చద్ది గిన్నె నా చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టి, మొలకెత్తిన విత్తనాల బుట్ట నా చేతుల్లో పెట్టారు.

"తొలి గుప్పెడు నువ్వు చల్లమ్మా" అన్నారు. తర్వాత ఆయన వైపు తిరిగారు. "ఏదో అడుగుతున్నారు కదండీ. చేను ఆవిడ నిలబెట్టింది. ఇచ్చేదీ మానేదీ ఆవిడనే అడగండి."

నేను చీర కొద్దిగా పైకి దోపుకుని నారుమడిలోకి దిగాను. బురద చల్లగా ఉంది. చల్లడం నాకు చేతకాదు, మొదటి గుప్పెడు అంతా ఒక్కచోటే పడింది. మా ఆయన దూరం నుంచి చూస్తూ నవ్వుతున్నాడు. నేను తలెత్తకుండానే, దిగువ చేను ఆయనకి వినపడేలా, "ఇవ్వమండి" అన్నాను. అని రెండో గుప్పెడు కాస్త దూరంగా చల్లాను.